జిలానీ బాషా అంటించనన్న బొమ్మలు

పొద్దున పనిలోకి రాగానే జిలానీ బాషా చేసే మొదటి పని గిన్నె మూత తీసి, మైదాపిండితో కాచిన జిగురులో చిటికెన వేలు ముంచి నాలుక కొసకు తాకించుకోవడం. పులుపు తగిలితే పారబోసి కొత్తది కాస్తాడు. తగలకపోతే తల ఊపి మూత పెడతాడు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఆయన పనిచేసిన ఫ్రేముల వర్క్‌షాపులో పదకొండు మంది పనివాళ్లుండేవారు. తన సరుకు రుచి చూసి గాని పని మొదలుపెట్టనివాడు ఆయనొక్కడే.

"ఉప్పు సరిపోయిందాండీ బాషా గారూ?" అనేవాడు ఆదిశేషు రోజూ.

"మీ గోదారోళ్లకు సరిపోతాది. మాకు కారం సాలదు" అనేవాడు బాషా.

ఆదిశేషుది రాజోలు దగ్గర పల్లెటూరు. హాట్ ప్రెస్ యంత్రం నడపడం అతని పని. మంచమంత వెడల్పున్న రెండు ఇనుప పలకలు, మధ్యలో వేడి. అడుగున అట్ట, దానిమీద పల్చటి జిగురు పొర, ఆ పైన బొమ్మ కాగితం పెట్టి మూత దించితే, నిమిషంలో కాగితం అట్టలో కలిసిపోయి అద్దంలా నున్నగా బయటికొస్తుంది. ఆదిశేషు ఆ యంత్రాన్ని పెనం అనేవాడు. దుబాయ్ హోటళ్ల గదులకు గుర్రాలూ, డేగలూ, ఇసుక దిబ్బలూ వందల లెక్కన ఆ పెనం మీద కాలేవి. ఒకసారి కాలిన బొమ్మను అట్ట నుంచి విడదియ్యడం ఎవరి తరమూ కాదు.

బాషా పని వేరు. మసీదుల నుంచి వచ్చే పాత ఖురానులు, వ్యాపారస్తుల చినిగిన చిట్టాలు, ఇళ్లలో గోడకు వేలాడి రంగు మారిన తాతల ఫొటోలు, ఇలా పెనం మీద పెట్టకూడనివన్నీ ఆయన బల్ల మీదికి చేరేవి. వర్క్‌షాపు యజమాని, పనివాళ్లకు వీసాలిచ్చే అరబ్బు కఫీల్ ఇంట్లో తరాలనాటి ఖురానులు పాడైపోతుంటే, బాగుచేసేవాడు కావాలని వెదికి, 2002లో కడప నుంచి ఆయన్ను పిలిపించారు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు.

ఆ పని ఆయనకు తండ్రి నేర్పింది. కడపలో దర్గాకు పోయే వీధిలో తండ్రికి చిన్న బైండింగు కొట్టు ఉండేది. బాషాకు పందొమ్మిదో ఏట ఒక ఇంటివాళ్లు తమ పాత పుస్తకం తెచ్చి బాగుచెయ్యమన్నారు. తండ్రి ఊళ్లో లేడు. కొడుకు ఉత్సాహంగా, మొదటి పేజీ వెనక కొత్త కాగితం పెట్టి, బజారులో కొత్తగా వచ్చిన తెల్లగమ్ముతో గట్టిగా అంటించాడు. పుస్తకం కొత్త పెళ్లికూతురిలా మెరిసింది. పదిరోజుల తర్వాత ఆ ఇంటి ముసలమ్మ వచ్చి, పేజీ వెనక తన తండ్రి రాసిపెట్టిన రాత ఏదని అడిగింది. ఆ ఇంట్లో పుట్టిన పిల్లలందరి పుట్టినరోజులూ ఆయన అక్కడే రాశాడట. బాషా తండ్రి మూడు రోజులు తడిగుడ్డ వేసి చూశాడు. గమ్ము వదల్లేదు, కాగితం మాత్రం పీలికలైంది. ఆయన కొడుకును తిట్టలేదు, కొట్టలేదు. "నువ్వే పోయి చెప్పిరా" అన్నాడు. ముసలమ్మ కూడా తిట్టలేదు. "మా అబ్బ చేతిరాత ఇంగ యాడా లేదు కదా నాయనా" అంది, అంతే.

ఆ రాత్రి తండ్రి చెప్పిన మాట బాషాకు జీవితాంతం నిలిచిపోయింది. మనం అంటించినదాన్ని మన తర్వాత వచ్చేవాడు విప్పగలగాలి. విప్పలేనట్టు అంటించేవాడు బైండరు కాదు, గోడలు కట్టే మేస్త్రీ.

2006 ఫిబ్రవరిలో తహ్మీనా అనే అమ్మాయి ఆ వర్క్‌షాపు గుమ్మం ఎక్కింది. నెల్లూరు వాళ్ల పిల్ల. పుట్టి పెరిగింది మాత్రం షార్జాలోనే, అల్ నహ్దాలో. తండ్రి స్కూలు బస్సు నడుపుతాడు. ఆమె ఒక యూనివర్సిటీలో డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. చేతిలో దారంతో కట్టిన రెండు అట్టలు, వాటి మధ్య నలభై పైచిలుకు కాగితాలు. ముట్టుకుంటే రాలిపోయేలా ఉన్నాయి.

లోపల బాషా ఆదిశేషును ఏదో అని నవ్వుతున్నాడు. ఆ అమ్మాయి ఆగిపోయి, "మీరు తెలుగోళ్లా చాచా?" అంది.

"కాదమ్మా, కడపోళ్లం" అన్నాడు బాషా.

"అబ్బో! మాది నెల్లూరు. మేం గూడా తెలుగోళ్లం కాదులే అయితే" అని ఆ పిల్ల నవ్వి, కట్టను బల్ల మీద పెట్టింది.

అవి రష్యా నుంచి వచ్చిన కాగితాలు. జినాయిదా అనే ఎనభై ఏళ్ల రష్యన్ ముసలావిడవి. ఆమె కొడుకు షార్జాలో కార్గో వ్యాపారం చేస్తాడు. ఆమె కూడా పదేళ్లకు పైగా ఇక్కడే ఉంటోంది. సోవియట్ రోజుల్లో లెనిన్‌గ్రాడ్‌లో ఆమెదీ, భర్తదీ రెండు గదుల ఇల్లు. సర్కారు ఒప్పుకున్న బొమ్మలు వేసేవాళ్లకే అక్కడ ప్రదర్శనలు. ఒప్పుకోనివాళ్లు తెలిసినవాళ్ల ఇళ్ల గోడలకు బొమ్మలు తగిలించుకునేవాళ్లు. ఆదివారం మధ్యాహ్నం తగిలించి, చీకటి పడేలోపు తీసేసేవాళ్లు. మంచి కాగితం, కాన్వాసు దొరికేవి కావు. గోడకాగితాల వెనక, ఫ్యాక్టరీ ప్లాన్ల నకళ్ల మీద, చేపలు చుట్టిచ్చే కాగితం మీద వేసేవాళ్లు. అలా ఆ దంపతుల దగ్గర చేరిన మూడు వందల పన్నెండు బొమ్మలనూ, టైపు కొట్టిన ఈ ఒక్క పుస్తకాన్నీ ముసలావిడ యూనివర్సిటీకి ఇచ్చేసింది. ఆరుగురు డిగ్రీ విద్యార్థులు రోజూ మధ్యాహ్నాలు లైబ్రరీ పైగదిలో కూర్చుని వాటిని ఒక్కొక్కటే స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. ఆ ఆరుగురిలో తహ్మీనా ఒకతె.

ఆ పుస్తకం దగ్గరే బాషా తప్పు చేశాడు.

మూడు రోజులు కూర్చుని ప్రతి కాగితం అంచునూ పొరలాంటి పల్చటి కాగితంతో అతికి, వరస చెడకుండా పేర్చి, చక్కగా కుట్టి ఇచ్చాడు. విద్యార్థులు పేజీలు తిప్పుతూ అంతా స్కాన్ చేశారు. ముసలావిడను పిలిచి చూపించారు. ఆమె అట్ట తెరవబోయి ఆగింది. పుస్తకాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునే దాకా ఆపలేదు.

కుట్టు కుడివైపు ఉంది.

నాలుగేళ్లుగా బాషా కుట్టినవన్నీ ఖురానులు, అరబ్బీ చిట్టాలు, ఉర్దూ పుస్తకాలు. చేతులు అలవాటైన దారినే పోయాయి. రష్యన్ పుస్తకం మన తెలుగు పుస్తకంలాగే ఎడమ నుంచి తెరుచుకుంటుందన్న సంగతి ఆయనకు తట్టనే లేదు. ఆ పుస్తకంలో బొమ్మలు రెండేసి పేజీల మీదుగా గీసి ఉన్నాయి. ఎడమ పేజీలో ట్రాము ముందు సగం, కుడి పేజీలో వెనక సగం. బాషా కుట్టుతో ఆ సగాలు తారుమారై, ట్రాము రెండు ముక్కలై దేని దారిన అది పోతున్నట్టుంది.

"స్కాన్ చేసేటప్పుడు మీకన్నా తెలియలేదా?" అన్నాడు ప్రాజెక్టు డైరెక్టరు, మండిపడుతూ.

ఆ ఆరుగురిలో ఐదుగురు చిన్నప్పటి నుంచీ కుడి నుంచి చదివినవాళ్లే. తహ్మీనా, "అది... అర్థం కాని కళ కదా సార్. అట్లాగే ఉంటుందేమో అనుకున్నాం" అంది.

కబురందుకుని బాషా జిగురు గిన్నె పట్టుకుని యూనివర్సిటీకి వచ్చాడు. ఎవరేమంటారో అని తల దించుకునే వచ్చాడు. ముసలావిడ ఆయన్ను చూసి ఏదో అంది. తహ్మీనా తెలుగులో చెప్పింది. "వాళ్లింట్లో ఆరుసార్లు సోదా చేశారంట చాచా. అప్పుడే నువ్వు దీన్ని ఇట్లా కుట్టిపెట్టుంటే పోలీసులకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదంట. అప్పుడు యాడున్నావని అడుగుతుంది."

"అప్పుడు కడపలో ఎనిమిదో తరగతి తప్పుతాండానని చెప్పమ్మా."

అని, పుస్తకం వీపు మీద తడిగుడ్డ వేశాడు. గదిలో అందరూ చూస్తుండగా పది నిమిషాలు ఆగాడు. వీపు కాగితం పాల మీది మీగడలా లేచి వచ్చింది. దారం కోసి లాగాడు. నలభై రెండు కాగితాలూ ఎక్కడా గోరంత చిరగకుండా విడివిడిగా బల్ల మీదికొచ్చాయి. ఆ సాయంత్రానికి కుట్టు ఎడమ వైపుకు చేరింది. స్కానింగు మాత్రం మొదటి నుంచీ మళ్లీ చెయ్యాల్సి వచ్చింది. వారం రోజులు పోయాయి. డైరెక్టరు ఆ వారాన్ని మర్చిపోలేదు.

మార్చి చివరలో ప్రదర్శన. పెద్దవాళ్లు వస్తారు, పత్రికలవాళ్లు వస్తారు. ఎంపిక చేసిన నూట ఇరవై బొమ్మలు వర్క్‌షాపుకు వచ్చేసరికి ఇక ఎనిమిది రోజులే ఉన్నాయి. వాటితోపాటు వచ్చిన పని కాగితం మీద డైరెక్టరు స్పష్టంగా రాశాడు. బొమ్మలన్నీ అట్టకు హాట్ ప్రెస్ చెయ్యాలి, ఒక్క ముడత కనిపించకూడదు.

వర్క్‌షాపు ముదీర్, అంటే మేనేజరు, రత్నాకర్ ఆ కాగితం తెచ్చి బాషాకు ఇచ్చాడు. "నువ్వు జెర సాఫ్ చేసి ఆదిశేషుకియ్యి భాయ్. నూట ఇరవై అంటే రెండు దినాల పని. యల్లా, జల్ది."

బాషా మొదటి బొమ్మ తీశాడు. ముతక గోధుమరంగు కాగితం మీద ఒక టీ కెటిల్. మూత లేదు, ఆవిరి మాత్రం పైకి పోతోంది. అలవాటు కొద్దీ తిరగేశాడు. వెనక ఊదారంగు ముద్ర, అందులో ఒక నెంబరు, ఎవరిదో సంతకం. దాని కింద ఒకదాని కింద ఒకటి పదకొండు వరసలు, పదకొండు రకాల చేతిరాతలు. ఆయన రెండో బొమ్మ తిరగేశాడు. మూడోది, నాలుగోది. అన్నిటి వెనకా ముద్రలే, అన్నిటి వెనకా రాతలే.

జాబితా పట్టుకుని పక్కన నిలబడ్డ తహ్మీనాను అడిగాడు. "ఈ పక్క ఫొటో తీసినారామ్మా?"

"వెనకవైపా? లేదు చాచా. మాకిచ్చిన ఫారంలో ఒక్కో బొమ్మకి ఒకటే గడి ఉంది."

"మూడు వందల పన్నెండిట్లో ఒక్కదానికీ తియ్యలేదా?"

"లేదు."

"ఏం రాసినారో తెలుసునా?"

ఆ పిల్లకు తెలియదు. ఆమె బయటికెళ్లి ఫోన్ చేసింది. గంటలో జినాయిదా టాక్సీలో దిగింది. ఆ ఎండలో, ఆ రంపపు పొట్టులో, ఆదిశేషు తుడిచి వేసిన స్టూలు మీద కూర్చుని కెటిల్ బొమ్మను ఒళ్లో బోర్లించుకుంది. తడబడే ఇంగ్లీషులో ఆమె చెప్పింది తహ్మీనా మెల్లగా తెలుగులో చెప్పుకుంటూ పోయింది.

ఊదారంగు ముద్ర సర్కారుది. దేశం వదిలి వచ్చేటప్పుడు ప్రతి బొమ్మనూ ఆఫీసుకు తీసుకెళ్లి చూపించాలి. విలువైనదంటే ఆపేస్తారు. ఒక అధికారి రోజంతా కూర్చుని మూడు వందల పన్నెండింటి మీదా ముద్ర కొట్టి సంతకం పెట్టాడు. ముద్రలో ఉన్న మాట ఒకటే: కళాపరమైన విలువ లేదు. ఆ ముద్ర వల్లనే అవి బతికి బయటపడ్డాయి.

కింద ఉన్న పదకొండు వరసలూ పేర్లు. ఆ ఆదివారం ఆమె ఇంటికి బొమ్మ చూడటానికి వచ్చినవాళ్లవి. ఇంటిపేరుతో సహా, తేదీతో సహా.

"దొరికిపోతారు కదా? పేర్లెందుకు రాసినారు?" అన్నాడు బాషా.

ముసలావిడ ఆ ప్రశ్నకు ఆశ్చర్యపోయినట్టు చూసింది. బొమ్మ వేసినవాణ్ణి ఒక్కణ్ణే చేసి పట్టుకోకూడదని రాశామంది. వేలితో నాలుగో పేరు చూపించింది. ఆయన లెక్కల మాస్టారు, ఈ సంతకానికి ఉద్యోగం పోయింది. చివరి పేరు ఆయన భార్యది. ఆయన ఉద్యోగం పోయాకే ఆమె వచ్చి సంతకం పెట్టింది, అందుకే సిరా వేరుగా ఉంది.

బాషా ఆ సిరాను చాలాసేపు చూశాడు. తర్వాత నూట ఇరవై బొమ్మలనూ మళ్లీ పెట్టెల్లో సర్ది, పని కాగితం తీసుకెళ్లి రత్నాకర్ బల్ల మీద పెట్టాడు. "ఇది నేను సెయ్యను సార్. ఎవురినీ సెయ్యనియ్యను."

మర్నాడు పొద్దున్నే డైరెక్టరు వచ్చాడు. వెనకే యూనివర్సిటీ వ్యానులో ఆరుగురు విద్యార్థులూ దిగారు. తహ్మీనా ముందు సాయంత్రమే మిగతా ఐదుగురికీ అంతా చెప్పింది.

డైరెక్టరు చెడ్డవాడేం కాదు. ఆ బొమ్మలకోసం రెండేళ్లు తిరిగి డబ్బు పోగుచేసింది ఆయనే. చుట్టలు చుట్టుకుపోయే కాగితాలను గోడకెలా తగిలిస్తాం? వచ్చేవాళ్లు ముందువైపు చూస్తారు గాని వెనకవైపు కాదు. ముందువైపు స్కాన్ అయిపోయింది. ఇంకేం కావాలి? అని, చివర గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు. తహ్మీనా అది తెలుగులో చెప్పకుండా ఆగిపోయింది.

"ఏమన్నాడమ్మా? అంతా చెప్పు. తీపి కలపాకు" అన్నాడు బాషా.

"మొన్న పుస్తకాన్ని తిరగేసి కుట్టినాయన... ఇయ్యాళ మనకి చెప్తున్నాడా అన్నారు చాచా."

వర్క్‌షాపులో రంపాలు ఆగిపోయాయి. అందరి ముందూ ఆ మాట పడేసరికి బాషా చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఈసారి తల దించలేదు.

"తప్పు చేసినా. లేదన్లేదు. చేసినా కాబట్టే చెప్తాండా. నా తప్పు పది నిమిషాల్లో విప్పినా, మీ కండ్ల ముందరే. ఒక్క కాయితం చినగలేదు. మీరు సెయ్యమనేది ఎవురూ విప్పలేరు. నేనూ విప్పలేను, మీరూ విప్పలేరు, ఆ పేర్లోళ్ల మనవళ్లు వచ్చినా విప్పలేరు. అదే చెప్పమ్మా ఆయనకి. ఉండేది ఉన్నట్టు చెప్పు."

తహ్మీనా చెప్పింది. ఒక్క మాటా తగ్గించలేదు.

డైరెక్టరు చేతి గడియారం చూసుకున్నాడు. తను బాధ్యత తీసుకుంటున్నానన్నాడు. 

"మంచిది" అన్నాడు బాషా. కెటిల్ బొమ్మ తెచ్చి బల్ల మీద బోర్లించి, పక్కన పెన్సిలు పెట్టాడు. "ఆ దేశంలో ఒక ఆఫీసరు దీనికి విలువ లేదని రాసి సంతకం పెట్టినాడు. మీరూ పెట్టండి. ఈ వెనకపక్కకి విలువ లేదని రాసి, మీ పేరు, ఈపొద్దు తేదీ ఎయ్యండి. ఒక్కొక్కదానికీ. నూట ఇరవై సంతకాలు అయినాక నేనే నా సేతుల్తో ప్రెస్సులో పెడ్తా."

ఆ మాట తహ్మీనా నోట ఇంగ్లీషులోకి మారుతుంటే డైరెక్టరు పెన్సిలు వైపు చూశాడు. ముద్ర వైపు చూశాడు. పెన్సిలు తియ్యలేదు. ఇదంతా నాటకమనీ, తను వచ్చింది ఒక ఫ్రేము పనివాడితో వాదించడానికి కాదనీ రత్నాకర్ మీద అరిచాడు.

రత్నాకర్ బాషా భుజం పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు. "ఏంది భాయ్ ఇది? మే నెలల నీ వీసా రెన్యూవల్ ఉన్నది. కఫీల్‌కు ఈ సంగతి పోయిందనుకో, ఖలాస్. పాత కాయితాల కోసం ఇంటికి పోతవా? నేను అబుదాబి మఫ్రఖ్ల తొమ్మిదేండ్లు ఇసుక మోసిన. ఒక్కనాడు చెయ్యనన్న పాపాన పోలె."

"అందుకే మీరు ముదీరయినారు సార్."

రత్నాకర్ మొహం మాడిపోయింది. యంత్రం వైపు తిరిగాడు. "ఆదిశేషూ! ప్రెస్సు ఆన్ చెయ్. ఆ పెట్టె ఇటు తే."

ఆదిశేషు యంత్రం దగ్గరికెళ్లి మీట నొక్కాడు, పలక మీద అరచెయ్యి ఆనించాడు, పెదవి విరిచాడు. "కాలట్లేదండి."

"పొద్దుగాల్నే గుర్రాల బొమ్మలు కాల్చినవ్ గద?"

"గుర్రాలకి కాలిందండి. వీటికి కాలట్లేదు."

"మజాక్ చేస్తున్నవా?"

"ఇనుము కదండీ. దానికీ ఓ మనసుంటాదండి" అన్నాడు ఆదిశేషు, అరచెయ్యి తియ్యకుండా. వేడి ఎక్కుతోందని ఆ చెయ్యికి తెలుస్తూనే ఉంది. తర్వాత నాలుగు రోజులు అతను ఎడంచేత్తో అన్నం తిన్నాడు.

ఈలోపు తహ్మీనా వంగి ఒక పెట్టె ఎత్తింది. మిగతా ఐదుగురూ తలా ఒకటి ఎత్తారు. డైరెక్టరు ఎవరు చెప్పారని అడిగాడు. "స్కానింగ్ పూర్తి కాలేదు సార్" అంది తహ్మీనా. "పూర్తి కాని వస్తువు లైబ్రరీ గది దాటకూడదని రూలు రాసింది మీరే. వెనకవైపు ఇంకా తియ్యలేదు." మార్కులు ఆయన చేతిలో ఉన్న సంగతి ఆరుగురికీ తెలుసు. ఆయన ఆ సంగతి గుర్తు చేశాడు కూడా. పెట్టెలు మాత్రం వ్యానులోకి ఎక్కుతూనే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నమే ఆర్డరు రద్దయింది. ఆ సాయంత్రమే రత్నాకర్ బాషాను పిలిచి రేపటి నుంచి రావద్దన్నాడు. వీసా రెన్యూవల్ చెయ్యరనీ, టికెట్టు మాత్రం ఇస్తారనీ చెప్పాడు. చెప్పి, తలెత్తకుండానే, "పిచ్చోనివి భాయ్ నువ్వు" అన్నాడు.

"మా నాయన గూడా బైండరే సార్" అన్నాడు బాషా. అది జవాబెలా అయిందో రత్నాకర్‌కు అర్థం కాలేదు.

పని పోయినవాడికి తీరిక ఎక్కువ. మర్నాటి నుంచి బాషా లైబ్రరీ పైగదిలో ఉన్నాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. ముసలావిడ తనకు చుట్టాలొచ్చారని చెప్పి కుర్చీ వేయించింది. విద్యార్థులు ప్రతి బొమ్మనూ తిరగేసి స్కాన్ చేస్తుంటే, ఆయన వాళ్లకు మైదా జిగురు కాచడం నేర్పాడు. ఆ గదిలో పొయ్యి లేదు. కాంటీన్‌లో కాఫీ కాచేచోట నిలబడి, ముద్దలు కట్టకుండా కలపడం ఒక్కొక్కరికీ చేతులు పట్టుకుని చూపించాడు. మొదటి రోజు వాళ్లు చేసినదాన్ని చూసి, "ఇది జిగురు కాదు, సంగటి. నెయ్యేసుకోని తినండి" అన్నాడు. మూడో రోజుకు కుదిరింది.

వేలెడంత పల్చటి కాగితపు పట్టీలు కోసి, బొమ్మ పైఅంచుకు రెండు చోట్ల మాత్రం అంటించి అట్టకు వేలాడదీయడం ఆయన చెప్పిన పద్ధతి. అలా చేస్తే బొమ్మను తలుపులా పైకెత్తి వెనక చూడొచ్చు. కావాలంటే రేపు తడిగుడ్డతో విడదియ్యొచ్చు. ముడతలు పూర్తిగా పోవు. పోనక్కర్లేదన్నాడు బాషా. చేపలు చుట్టిన కాగితానికి ముడతలుండకపోతే ఎట్లా?

నూట ఇరవై కాలేదు. ప్రదర్శన నాటికి ముప్పై ఎనిమిదే తయారయ్యాయి. డైరెక్టరు మొదట వాయిదా వేద్దామనుకున్నాడు. కార్డులు పంచేశారు కాబట్టి కుదరలేదు. ఆ రోజు వచ్చినవాళ్లు బొమ్మ ముందు కంటే బొమ్మ వెనక ఎక్కువసేపు నిలబడ్డారు. ఎవరో ఒక ముసలాయన కెటిల్ బొమ్మ పైకెత్తి పదకొండు పేర్లూ పైకే చదివాడు. జినాయిదా పక్కనే నిలబడి, చదవడంలో ఆయన చేసిన తప్పులు దిద్దింది. డైరెక్టరు తన ఉపన్యాసంలో, ముందూ వెనకా రెండూ భద్రపరచడం మా ప్రాజెక్టు ప్రత్యేకత అన్నాడు. చివరి వరసలో నిలబడి వింటున్న ఆదిశేషు గట్టిగా చప్పట్లు కొట్టాడు. నొప్పెట్టి ఆపేశాడు.

ఆ తర్వాత ఫారం మారింది. ఒక్కో బొమ్మకు రెండు గడులు వచ్చాయి. తహ్మీనా అడగకుండానే మూడో గడి ఒకటి చేర్చి, దానికి మరమ్మతు అని పేరు పెట్టి, అందులో "జిలానీ బాషా, కడప" అని టైపు చేసింది. అనవసరమైన సమాచారం తీసెయ్యమని ఆమెకు రెండుసార్లు నోటీసు వచ్చింది. ఆమె రెండిటికీ జవాబు రాసింది, గడి తియ్యలేదు. డిగ్రీ అయ్యేలోపు మూడు వందల పన్నెండు బొమ్మలకూ ఆ గడి నింపింది.

మే నెలలో బాషా కడపకు తిరిగిపోయాడు. కొన్ని నెలలు తండ్రి కొట్టు ఉన్న వీధిలోనే ఇంకొకరి కొట్టులో కూలికి కుట్టాడు. ఏమైందని అడిగినవాళ్లకు పని పోయిందని చెప్పేవాడు. ఎట్ల పోయిందంటే, పొమ్మన్నారు, వచ్చినా అనేవాడు. 2007లో కొత్త వీసా మీద మళ్లీ దుబాయ్ విమానం ఎక్కాడు.

ఇప్పుడు ఆయన అజ్మాన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో బైండరు. రసీదు పుస్తకాలు, బడిపిల్లల నోటు పుస్తకాలు కుడతాడు. నలుగురుండే గదిలో కిటికీ పక్క మంచం ఆయనది.